ట్రాన్స్‌క్రిబస్ సమీక్ష: వాక్యం అది చదువుతుంది, పేరు మనం చదువుకోవాలి

పాలకొల్లు, నరసాపురం, ద్రాక్షారామం, కాకినాడ జగన్నాథపురం ఊళ్లలో డచ్చివాళ్లు నడిపిన వర్తకం కాగితాలు హేగ్‌లోని నెదర్లాండ్స్ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. యానాం జనన, వివాహ, మరణ రిజిస్టర్లు ఫ్రాన్సులో ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ అనే ఊళ్లోని ఓవర్సీస్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. రెండుచోట్లా స్కాన్లు నెట్‌లో డబ్బులు కట్టకుండానే తెరుచుకుంటాయి. తెరిచాక మాత్రం చాలామంది రెండో పేజీ దాటరు. భాష రాదు, ఆ రాత అసలే అంతుపట్టదు. అలాంటివాళ్లు వెతుక్కుంటూ చేరే పేరు, పాత చేతిరాతను చదివి టైపు అక్షరాల్లో ఇచ్చే ట్రాన్స్‌క్రిబస్. ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ దెబ్బతింటుంది, డబ్బు పెట్టాలా వద్దా అన్నది ఇక్కడ రాస్తున్నాం.

ఈ గోదావరి డెల్టా కాగితాలతో పాటు పోలండ్ యూదు కుటుంబాల రిజిస్టర్లను కూడా ఈ సమీక్షకు కొలబద్దగా పెట్టుకున్నాం. దానికి గట్టి కారణం ఉంది. ఒకే యూదు కుటుంబం కాగితాలు తాత కాలంలో పోలిష్‌లో, తండ్రి కాలంలో రష్యన్‌లో, పక్క రాజ్యానికి వెళ్లిన పెదనాన్నవి జర్మన్‌లో, సమాధి రాయి హీబ్రూలో ఉంటాయి. వాటిని వెతికే మనవళ్లలో చాలామందికి వీటిలో ఒక్క భాషా రాదు. రాని భాషలో, అలవాటు లేని చేతిరాతలో తమవాళ్ల పేరు పట్టుకోవడం ఎలాగో వాళ్లు దశాబ్దాలుగా పద్ధతిగా అభ్యాసం చేశారు. జ్యూయిష్‌జెన్ అనే వాళ్ల సంస్థ 1987 నుంచీ, పోలండ్ రికార్డుల సూచికలు తయారుచేసే జేఆర్‌ఐ-పోలండ్ 1995 నుంచీ ఈ పనిలోనే ఉన్నాయి. డచ్చి, ఫ్రెంచి కాగితాల ముందు మనదీ అచ్చంగా అదే పరిస్థితి కాబట్టి వాళ్ల పద్ధతి మనకు నేరుగా పనికొస్తుంది.

ఇక పనిముట్టు సంగతి. ట్రాన్స్‌క్రిబస్ ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ కేంద్రంగా రీడ్-కోఆప్ అనే సహకార సంఘం నడిపే సేవ. ఇన్స్‌బ్రుక్ విశ్వవిద్యాలయం ముందుండి నడిపిన యూరోపియన్ ప్రాజెక్టు నుంచి పుట్టింది, 2019లో సహకార సంఘంగా మారింది. బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. బొమ్మ ఎక్కించాలి, మోడల్ (ఒక్కో రకం రాత చదవడం నేర్పిన ప్రోగ్రాం) ఎంచుకోవాలి, అది పంక్తులు గుర్తించి టైపు చేసిన అక్షరాలు ఇస్తుంది. అనువాదం వేరే పని, దాన్ని ఇక్కడ ఆశించకూడదు. మీకు వచ్చేది టైపు చేసిన డచ్చి, టైపు చేసిన పోలిష్. ఆ తర్వాత దాన్ని ఏ అనువాద యంత్రంలో వేసుకున్నా మీ ఇష్టం.

మోడల్ ఎంపిక దగ్గరే సగం మంది తప్పుతారు. చదివే మోడళ్లు వందల్లో ఉన్నాయి. డచ్చికి 'డచ్ డిమీటర్', జర్మన్‌కి 'జర్మన్ జెయింట్', అనేక భాషలకు కలిపి 'టెక్స్ట్ టైటన్' ఎక్కువగా వాడేవి. పేరు చూసి, భాష చూసి ఎంచుకుంటే చాలదు. ఆ మోడల్‌కి ఏ శతాబ్దపు రాతలు నేర్పారో దాని వివరాల పేజీలో ఉంటుంది, అది చదవాలి. 1900 ప్రాంతపు కచేరీ రాత నేర్చిన మోడల్‌కి 1680 నాటి డచ్చి ఉత్తరం ఇస్తే కుప్పలు కుప్పలుగా తప్పులు వస్తాయి. ఇంకో ముఖ్య విషయం: నేర్పినప్పుడు చూసిన అక్షరాలు మాత్రమే మోడల్ రాయగలదు. ఇది పోలండ్ యూదు రికార్డుల్లో నేరుగా దెబ్బకొడుతుంది. ఎలాగో చూద్దాం.

తర్వాత రష్యా జారు కిందికి వెళ్లిన పోలండ్ భాగంలో 1808 నుంచి పౌర రిజిస్టర్లు పోలిష్‌లో రాశారు. యూదులకు 1826 నుంచి విడి పుస్తకాలు పెట్టారు. 1868లో భాష రష్యన్‌కి మారింది, మొదటి ప్రపంచ యుద్ధం దాకా అలాగే సాగింది. రష్యన్‌లో రాసిన గుమాస్తాలు పేరు రష్యన్ లిపిలో పెట్టి, పక్కనే బ్రాకెట్లలో పోలిష్ స్పెల్లింగు కూడా చాలాచోట్ల రాశారు. మనకు కావలసిన బంగారం ఆ బ్రాకెట్లోనే ఉంది. ఎందుకంటే రష్యన్‌లో 'హ' లేదు, హెర్ష్ అనే పేరు గెర్ష్ అయిపోతుంది, హిందా గిందా అవుతుంది. బ్రాకెట్ చూస్తేనే అసలు అక్షరం తెలుస్తుంది. రష్యన్ లిపి మాత్రమే నేర్చిన మోడల్ ఆ బ్రాకెట్‌లోని లాటిన్ అక్షరాలను కూడా రష్యన్ అక్షరాలుగానే రాసి పెడుతుంది. ఫలితం ఏ భాషకీ చెందని చెత్త. ఇలాంటి పేజీల్లో బ్రాకెట్ భాగాన్ని యంత్రానికి వదలకుండా బొమ్మ పెద్దది చేసి కంటితో చదవాలి, రెండు మూడు అక్షరాల తేడాయే గనక పెద్ద కష్టం కాదు.

తప్పుల లెక్క కూడా అర్థం చేసుకుని కొనాలి. ప్రతి మోడల్ పక్కనా అక్షర దోష శాతం అని ఒక అంకె ఉంటుంది. పది శాతం లోపు ఉంటే పనికొచ్చేదనీ, అయిదు లోపు ఉంటే చాలా మంచిదనీ లెక్క. అయిదు శాతం అంటే ఎంత? పన్నెండు వందల అక్షరాలున్న ఒక జనన నమోదులో అరవై అక్షరాలు తప్పు. ఆ అరవై పేజీ అంతటా సమంగా పరుచుకోవు. 'ఫలానా సంవత్సరం ఫలానా మాసం' లాంటి పదేపదే వచ్చే మాటలు మోడల్ కళ్లు మూసుకుని చదువుతుంది, అక్కడ తప్పులు దాదాపు ఉండవు. ఎప్పుడూ చూడని మాటల దగ్గర పోగుపడతాయి. ఎప్పుడూ చూడని మాటలు ఏవి? మనిషి పేరు, ఊరి పేరు, ఇంటిపేరు. వంశం వెతికేవాడికి కావలసినవి సరిగ్గా అవే. సగటు శాతం ఎంత తక్కువున్నా ఈ లోపం తీరదు. ఈ పనిముట్టు గురించి ఒక్క మాటే గుర్తుపెట్టుకోదలిస్తే ఇదే గుర్తుపెట్టుకోండి.

అందుకే యూదు పరిశోధకులు యంత్రం తెరవకముందు నమూనా నేర్చుకుంటారు. మన దగ్గర పాత గొలుసుకట్టు విక్రయ దస్తావేజు చదివే లేఖరి ప్రతి అక్షరం కూడబలుక్కోడు. 'కాపురస్తులు', 'ఏమనగా', 'చెక్కుబందీ' ఎక్కడ వస్తాయో ఆయనకు ముందే తెలుసు, వాటి మధ్య ఖాళీల్లో ఉన్న పేర్ల మీదే చూపు పెడతాడు. పోలిష్ జనన నమోదు కూడా అంతే. తెలుగులో పెడితే ఇలా నడుస్తుంది: "ఫలానా పట్నంలో జరిగినది, వెయ్యిన్ని ఎనిమిది వందల ఇంత సంవత్సరం, ఫలానా మాసం, ఇన్నో తేదీ, ఇన్ని గంటలకు. హాజరైనవారు యూదు మతస్థుడు ఫలానా, వయసు ఇంత, వృత్తి ఇది, కాపురం ఫలానా ఊరు. సాక్షులు ఫలానా, ఫలానా, వారి వయసులు ఇంత. వీరి సమక్షమున ఒక మగశిశువును చూపి, ఈ శిశువు ఫలానా దినమున తన భార్య ఫలానాకు, వయసు ఇంత, జన్మించినట్లు తెలియజేసెను. శిశువుకు పెట్టిన పేరు ఫలానా." కింద సంతకాలు. తండ్రి హీబ్రూ లిపిలో సంతకం చేయడం మామూలే. అంకెలన్నీ అక్షరాల్లోనే ఉంటాయి, వయసుతో సహా.

ఈ వరస కంఠతా వస్తే ట్రాన్స్‌క్రిబస్ ఇచ్చిన పాఠంలో తండ్రి పేరు ఎక్కడుందో, తల్లి పేరు ఎక్కడుందో భాష రాకపోయినా వేలు పెట్టి చూపించగలరు. రాకపోతే సాక్షి పేరును తాత పేరు అనుకుని వంశవృక్షంలో ఎక్కించేస్తారు. ఈ తప్పు తరచుగా జరిగేదే, జరిగాక బయటపడటానికి ఏళ్లు పడుతుంది.

పేరు సరిచూసుకోవడానికి మంచి దారి ఏడాది చివరి సూచిక. ఆ పోలిష్, రష్యన్ రిజిస్టర్లలో చాలావాటికి సంవత్సరం ఆఖరున అక్షరక్రమంలో పేర్ల పట్టిక, నమోదు సంఖ్యలు ఉంటాయి. గుమాస్తా అదే పేరు అక్కడ మళ్లీ రాస్తాడు, ఒత్తిడి లేకుండా విడివిడిగా రాస్తాడు. మొదటి అక్షరం తేలకపోతే పైపేరు, కిందిపేరు చూడాలి. అక్షరక్రమం కాబట్టి వాటి మధ్య పట్టేది ఒకటో రెండో అక్షరాలే. ఈ సూచిక పేజీలు యంత్రానికి ఇవ్వాల్సిన పనే లేదు, కంటితో అయిదు నిమిషాల్లో అవుతుంది.

తేదీలకు ఇంకా తేలికైన పరీక్ష ఉంది. రష్యన్ కాలపు నమోదుల్లో పాత కేలండరు తేదీ, కొత్త కేలండరు తేదీ రెండూ రాస్తారు. 19వ శతాబ్దంలో ఆ రెండిటికీ తేడా పన్నెండు రోజులు, 20వ శతాబ్దంలో పదమూడు. యంత్రం 'పదమూడు, ఇరవై అయిదు' అని చదివితే సరే. 'పదిహేను, ఇరవై అయిదు' అని వస్తే రెండిట్లో ఒకటి తప్పు చదివింది. జనవరి 25 పక్కన ఫిబ్రవరి 6 కనిపిస్తే గాభరా పడక్కర్లేదు, అదీ పన్నెండు రోజుల తేడాయే. రష్యా సామ్రాజ్యంలోని మిగతా చోట్ల యూదు రిజిస్టర్లు ఒక పక్క రష్యన్‌లో, ఎదుటి పక్క హీబ్రూలో గడులు గీసి రాశారు. అక్కడ యూదు పంచాంగం తేదీ కూడా ఉంటుంది, మూడో సాక్ష్యం దొరికినట్టే.

ఆ గడుల పేజీలే ట్రాన్స్‌క్రిబస్‌కి గట్టి పరీక్ష. మామూలుగా అది చేసేది రెండు దశలు. ముందు పేజీలో పంక్తులు ఎక్కడున్నాయో గీతలు గీస్తుంది, తర్వాత ఒక్కో గీత మీది అక్షరాలు చదువుతుంది. గడుల పేజీలో మొదటి దశలోనే తప్పు జరుగుతుంది. పుట్టిన తేదీ గడిలో మొదలైన గీత గడి గోడ దాటి తండ్రి పేరు గడిలోకి పోతుంది. పాఠం చదివితే తేదీ, పేరు, ఊరు కలగాపులగంగా వస్తాయి. అక్షరాలు సరిగ్గానే చదివినా క్రమం పోయింది కాబట్టి పనికిరాదు. మందు ఏమిటంటే, యంత్రం చేసిన పంక్తుల గుర్తింపును చెరిపేసి ప్రతి గడి చుట్టూ మీరే పెట్టె గీసి, ఆ పెట్టెల లోపలే పంక్తులు గుర్తించమనాలి. పట్టికల కోసం విడిగా సదుపాయం ఉంది గానీ గడి గీతలు వెలిసిపోయిన పుస్తకాల్లో చేత్తో గీయడమే మేలు. ఈ పని ఫోనులో చేయబోతే విసుగు తప్ప ఫలితం ఉండదు, మౌస్ ఉన్న కంప్యూటరు కావాల్సిందే. హీబ్రూ పేజీని రష్యన్ పేజీతో కలిపి ఎక్కించవద్దు. బొమ్మను రెండుగా కత్తిరించి విడివిడి మోడళ్లకు ఇవ్వండి.

జర్మన్ కాగితాలకు ఒక్క మాట చాలు. కుర్రెంట్ అనే పాత జర్మన్ రాతలో 'ఇ' అక్షరం మన కంటికి 'ఎన్' లాగా కనిపిస్తుంది, 'యు' మీద చిన్న చాపం ఉంటుంది. దీన్ని మనుషులు నేర్చుకోవడానికి నెలలు పడుతుంది, జర్మన్ జెయింట్ మాత్రం బాగానే చదువుతుంది. డబ్బుకు తగ్గ ఫలితం కనిపించేది ఇక్కడే.

ఇంటిపేరు విషయంలో ఇంకో జాగ్రత్త. యూదులకు స్థిరమైన ఇంటిపేర్లు ఆస్ట్రియాలో 1787లో, నెపోలియన్ పాలనలో 1808లో, ప్రష్యాలో 1812లో, రష్యన్ పోలండ్‌లో 1821లో చట్టం ద్వారా వచ్చాయి. అంతకుముందు నమోదుల్లో తండ్రి పేరే గుర్తు. 1810 నాటి పేజీలో యంత్రం ఇంటిపేరు చూపించలేదంటే అది చదవలేకపోయిందని కాదు, అసలు లేకపోవచ్చు.

ఇప్పుడు మన డెల్టా కాగితాలు.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో మొదలై 1799 ఆఖరుకు ముగిసింది. కోరమాండల్ తీరం, అంటే మన తూర్పు తీరం నుంచి వెళ్లిన ఉత్తరాలు, లెక్కలు ఆ కంపెనీ కాగితాల్లో భాగం. పాలకొల్లు వాటిలో 'పాలికోల్', ద్రాక్షారామం 'దాట్జెరోమ్', జగన్నాథపురం 'జగర్నాయిక్‌పూరం'. ఈ కాగితాలకు ట్రాన్స్‌క్రిబస్‌లో ఒక్క క్రెడిట్టు (పేజీలు చదివించినందుకు ఖాతాలో తరిగే యూనిట్) కూడా ఖర్చు పెట్టకండి. నెదర్లాండ్స్‌లో గ్లోబలైజ్ అనే ప్రాజెక్టు కంపెనీకి ఆసియా నుంచి అందిన ఉత్తరాలు, కాగితాలు దాదాపు యాభై లక్షల పేజీలు యంత్రంతో చదివించి ఉచితంగా పెట్టింది. అందులో పాలికోల్ అని కొట్టి వెతకడమే. ఒక 'ఎల్' తో, రెండు 'ఎల్'లతో, చివర 'ఎల్' రెట్టించి, అన్ని రకాలుగా వెతకాలి. ఇక్కడ తప్పు యంత్రానిది మాత్రమే అనుకోకూడదు. యూరప్‌కి చేరినవి చాలావరకు నకళ్లు. పాలకొల్లు మొహం చూడని గుమాస్తా ఎక్కడో కూర్చుని నకలు రాసినప్పుడే ఊరి పేరు ఒకసారి చెడుతుంది, యంత్రం చదివినప్పుడు మరోసారి చెడుతుంది.

ఊరి పేరుతో దొరకనప్పుడు సరుకు పేరుతో వెతకండి. సాలెంపూరి, గినీ బట్ట, బెతిల్, పెర్కాల్, మూరి... ఈ నేత బట్టల పేర్లు లెక్కల్లో మళ్లీ మళ్లీ వస్తాయి గనక యంత్రం వాటిని మనుషుల పేర్ల కంటే నమ్మకంగా చదువుతుంది. ఆ బట్ట దొరికిన పేజీలో ముందూ వెనకా చూస్తే నేతగాళ్లకు బయానా ఇచ్చిన వర్తకుల పేర్లు ఉండే అవకాశం ఎక్కువ. కోరమాండల్ కాగితాల ముఖ్య స్థానం మొదట పులికాట్, 1690 నుంచి 1781 దాకా నాగపట్నం. కాబట్టి నరసాపురం సంగతి నాగపట్నం నుంచి రాసిన ఉత్తరంలో కనబడితే ఆశ్చర్యపోవద్దు, అది ఉండాల్సిన చోటే ఉంది.

నెల పేర్ల దగ్గర ఒక గొయ్యి ఉంది. డచ్చి గుమాస్తాలూ, ఫ్రెంచి గుమాస్తాలూ కూడా నెలలను కుదించి ఏడు అంకె వేసి పక్కన 'బెర్' అనో 'బ్ర్' అనో రాస్తారు. యంత్రం దాన్ని తప్పు లేకుండా ఏడు అనే చదువుతుంది. చదివిన మనిషి ఏడో నెల, జులై అనుకుంటాడు. అది సెప్టెంబరు. ఎనిమిది వేస్తే అక్టోబరు, తొమ్మిది వేస్తే నవంబరు, పది వేసినా రోమన్ పది వేసినా డిసెంబరు. లాటిన్‌లో ఆ నెలల పేర్లు ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది అంకెల నుంచి వచ్చినవి కావడమే కారణం.

యానాం రిజిస్టర్ల కథ వేరు, వీటికి ట్రాన్స్‌క్రిబస్ నిజంగా పనికొస్తుంది. ఫ్రెంచి నమోదుకూ ఒక వరస ఉంది: సంవత్సరం అక్షరాల్లో, తేదీ, ఉదయమా సాయంత్రమా, ఇన్ని గంటలకు, ఫలానా అధికారి ఎదుట హాజరైనవారు ఫలానా... పోలండ్ నమూనా కూడా నెపోలియన్ కాలపు ఫ్రెంచి చట్టం నుంచే వచ్చింది కాబట్టి ఒకటి నేర్చుకుంటే రెండోది సగం వచ్చేసినట్టే. 19వ శతాబ్దపు ఫ్రెంచి కచేరీ రాత గుండ్రంగా, తీరుగా ఉంటుంది. వాక్యాలు యంత్రం చక్కగా ఇస్తుంది. మన పేర్ల దగ్గర మాత్రం చూడండి ఏం జరుగుతుందో.

ఫ్రెంచి గుమాస్తా మన 'ఉ' కారాన్ని 'ఓ', 'యు' అని రెండు అక్షరాలతో రాస్తాడు. సుబ్బారాయుడు అనే పేరులో సు, యు, డు మూడుచోట్లా ఆ జంట వస్తుంది. చేతిరాతలో 'యు' తిరగేస్తే 'ఎన్'. ఫ్రెంచిలో 'ఓ, ఎన్' జంట అడుగడుగునా వచ్చేది, అందుకే మోడల్ అటే మొగ్గుతుంది. దాంతో సుబ్బారాయుడు 'సొన్‌బరయొన్‌డొన్' అయి కూర్చుంటాడు. అలాంటి పేరు ఎవరికీ లేదు గనక మనకు నవ్వొస్తుంది గానీ, మూలానికి వెళ్లకుండా పట్టిక తయారుచేస్తే ఆ మనిషి ఇక ఎవరికీ దొరకడు. పాఠం చేతికి రాగానే చేయాల్సిన మొదటి పని, పేర్లలో 'ఓ, ఎన్' ఉన్న ప్రతిచోటా 'ఓ, యు' పెట్టి పైకి చదవడం. పైకి చదవడం ముఖ్యం, గుమాస్తా చెవితో విన్నదే రాశాడు. నాయుడు, రాజు లాంటివి చివర్లో ఆ జంటతోనే ముగుస్తాయి. 'జ' కోసం 'డి, జె', 'చ' కోసం 'టి, సి, హెచ్' రాస్తారు. ఇంగ్లిషు స్పెల్లింగుతో వెతికితే రిజిస్టరంతా గాలించినా ఫలితం ఉండదు.

మన ఇంటిపేరు ముందుంటుంది, వాళ్లకు చివరుంటుంది. దీనివల్ల పట్టికలో మనిషి ఎక్కడ పడతాడో చెప్పలేం. ఇంటిపేరు కింద కనబడకపోతే పెట్టిన పేరు కింద చూడాలి. ఫ్రెంచి ఇండియాలో 1881 డిక్రీ తర్వాత సొంత ధర్మశాస్త్రం వదులుకుని ఫ్రెంచి చట్టం కిందికి వెళ్లినవాళ్లు కొత్త ఇంటిపేర్లు తీసుకున్నారు. కుటుంబంలో ఎవరైనా అలా వెళ్లి ఉంటే పాత పేరు, కొత్త పేరు రెండూ రాసిన కాగితం దొరికేదాకా వంశం తెగిపోయినట్టే కనిపిస్తుంది.

సొంత మోడల్ తయారుచేసుకోవడం ట్రాన్స్‌క్రిబస్‌కి ఉన్న అసలైన బలం, యానాం మీద గట్టిగా పనిచేసేవాళ్లకు మా సిఫారసు అదే. ఒకే రకం రాత ఉన్న పేజీలు ఇరవై అయిదు నుంచి డెబ్బై అయిదు దాకా, అంటే అయిదు వేల నుంచి పదిహేను వేల మాటలు, తప్పు లేకుండా టైపు చేసి ఇవ్వాలి. పాత మోడల్ మీద ఆధారపడి నేర్పితే తక్కువ పేజీలతో కూడా నెట్టుకురావచ్చు. పేజీల్లో కొన్నిటిని పరీక్ష కోసం పక్కన పెడుతుంది, దోష శాతం వాటి మీదే లెక్కిస్తుంది. టైపు చేసేటప్పుడు తెలుగు పేరును మీకు తెలిసినట్టు దిద్దకండి. గుమాస్తా రాసిన అక్షరాలే, అతని తప్పులతో సహా పెట్టండి. దిద్ది పెడితే కాగితం మీద లేని అక్షరాన్ని చూడటం మోడల్‌కి నేర్పినట్టవుతుంది. గుమాస్తా మారితే శాతం పడిపోతుంది, కొత్త రాత పేజీలు పది కలిపి మళ్లీ నేర్పించాలి.

సొంత కాగితాలు ఫొటో తీసి ఎక్కించేవాళ్లకు: కాగితం వెనక నల్ల అట్ట పెట్టండి. పలుచని కాగితంలో అవతలి వైపు రాత నీడగా కనిపిస్తుంది, ఆ నీడలను యంత్రం పంక్తులనుకుని గీతలు గీస్తుంది. నల్ల అట్ట పెడితే అవతలి రాత కనపడటం తగ్గుతుంది. ట్యూబులైటు కింద కాకుండా కిటికీ పక్క పగటి వెలుతురులో తీయండి. వానాకాలంలో మన వైపు తేమకు పాత కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటాయి, వాటిని లాగవద్దు, అద్దం పెట్టి అదమవద్దు. ఎండలు కాశాక తీయడం మంచిది. మూడు వందల డీపీఐ స్పష్టత చాలు.

ధర విషయం. ఖాతా ఉచితం, ప్రతి నెలా కొన్ని క్రెడిట్లు ఉచితంగా వస్తాయి, ఆపైన చందా యూరోల్లో. ధరలూ, ఉచిత క్రెడిట్ల సంఖ్యా మారుతుంటాయి, కట్టే ముందు వాళ్ల సైటులో చూసుకోండి. బ్యాంకు కార్డుకు విదేశీ లావాదేవీల అనుమతి ఆన్ చేసి ఉండాలి. నాలుగైదు కుటుంబ కాగితాల కోసం వచ్చినవాళ్లు అసలు డబ్బు కట్టక్కర్లేదు, ఉచిత క్రెడిట్లతో అయిపోతుంది. ఏడాది చందా కట్టే ముందు మీకు కావలసిన రిజిస్టరులో బాగున్న పేజీ ఒకటి, మధ్యరకం ఒకటి, చెడిపోయింది ఒకటి ఉచితంగా చదివించి చూడండి. మధ్యరకం పేజీ ఎలా వచ్చిందో దాన్ని బట్టి నిర్ణయించుకోండి.

యూదు కుటుంబాల కాగితం ఒకటో రెండో ఉన్నవాళ్లకు ట్రాన్స్‌క్రిబస్ కంటే జ్యూయిష్‌జెన్ వాళ్ల వ్యూమేట్ మేలు. భాష తెలిసిన స్వచ్ఛంద సేవకులు బొమ్మ చూసి ఉచితంగా చదివి పెడతారు. అడిగే తీరు బాగుండాలి. ఒక్కో బొమ్మలో ఒక్క నమోదు మాత్రమే కత్తిరించి పెట్టండి. పూర్తి అనువాదం కావాలా, పేర్లు తేదీలు చాలా అన్నది చెప్పండి. ఊరు, సంవత్సరం, మీకు తెలిసిన పేర్లు రాయండి. మొత్తం పుస్తకం పేజీ పెట్టి "ఇందులో ఏముంది" అంటే జవాబు రావడం కష్టం. జవాబులో పేరు మీరు అనుకున్నదానికి వేరుగా ఉంటే వాదించకుండా ఆ అక్షరాలు ఏ ఆధారంతో చదివారో అడగండి, వాళ్లు ఓపికగా చెబుతారు.

చాట్‌బాట్‌లకు బొమ్మ ఇస్తే చదివి అనువదించి కూడా పెడుతున్నాయి, అది నిజమే. మా అభ్యంతరం ఒక్కటి. ట్రాన్స్‌క్రిబస్ తప్పు చదివితే చాలాసార్లు అర్థం లేని అక్షరాలు వస్తాయి, తప్పని పట్టుకోవడం తేలిక. చాట్‌బాట్ తప్పు చదివితే ఆ కాలానికి, ఆ ఊరికి నప్పే మరో పేరు నున్నగా రాసి పెట్టవచ్చు, అప్పుడు తప్పని అనుమానమే రాదు. వాడితే అనువాదానికి వాడండి, పేరు దానితో తేల్చుకోకండి.

పని పూర్తయిన పాఠాన్ని వర్డ్ ఫైలుగానో, పీడీఎఫ్‌గానో, ఎక్స్ఎంఎల్‌గానో దించుకోవచ్చు. దించుకున్న ప్రతి నమోదు పైనా ఆర్కైవ్ పేరు, రిజిస్టరు సంవత్సరం, నమోదు సంఖ్య, బొమ్మ సంఖ్య రాసి పెట్టుకోండి. పేరు కింద మూడు వరసలు ఉంచండి: యంత్రం చదివింది, మీరు కంటితో చదివింది, సూచికలో ఉన్నది. మూడూ ఒకటే అయితే పేరు వంశవృక్షంలోకి ఎక్కించవచ్చు. రెండే కలిస్తే ప్రశ్నార్థకంతో ఎక్కించండి, అదే గుమాస్తా రాసిన తమ్ముడి నమోదో చెల్లెలి నమోదో దొరికినప్పుడు అక్కడ ఆ అక్షరం ఎలా రాశాడో పోల్చి చూసుకోండి.